నొక్కితే తెరుచుకునే వాక్యాలు

మా బావ గాజు ఊదేవాడు. యూనివర్సిటీలో కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటు వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో బర్నరు మంట ముందు కూర్చొని, పరిశోధన చేసేవాళ్ళు కాగితం మీద గీసుకొచ్చిన ఫ్లాస్కులూ మెలికల గొట్టాలూ ఊది ఇవ్వడం ఆయన ఉద్యోగం. ఎడమచేతి వేళ్ళ చివర్లు కాలి కాలి నున్నగా అయిపోయాయి. నాకు వేలిముద్ర పడదు, దొంగతనం చేసినా దొరకను అని నవ్వేవాడు. మా వంటింట్లో నూనె పోసుకునే గరాటు కూడా ఆయన ఊదినదే.

నేను కడప వైపు నుంచి ఎంసీఏ చదవడానికి వచ్చి, తార్నాకలో అక్క వాళ్ళింట్లో ఉండేదాన్ని. మేడ మీద రెండు గదుల వాటా. ముందు గదికీ లోపలి గదికీ మధ్య పూల తెర ఒకటి ఎప్పుడూ దించి ఉండేది. ఎవరొచ్చినా కాఫీలూ కబుర్లూ తెర ఇవతలే. ఉద్యోగాల కోసం సీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మా బంధువుల ఇళ్ళన్నిటా అదే పద్ధతి. లోపల కొంపలు మునుగుతున్నా సరే, తెర మాత్రం పక్కకి జరగకూడదు. అక్క యూనివర్సిటీ ఆఫీసులో టైపిస్టు. బావ వాళ్ళమ్మ, నాకు అత్త వరస, ఆమె కూడా మాతోనే ఉండేది.

బావకీ నాకూ ఎప్పుడూ కీచులాటే. మరదలి మీద నోరు చేసుకోవడం బావల జన్మహక్కు అనుకునేవాడు. నేను కంప్యూటర్ల గురించి గొప్పలు పోతుంటే, అది ఊదితే ఉబ్బుతుందా అని అడిగేవాడు. ఉబ్బదు అంటే, అయితే దాంతో ఏం పని అని పెదవి విరిచేవాడు. నాకు ముక్కుమీద కోపం, ఇప్పటికీ అంతే. చేతిలో ఏది ఉంటే అది విసిరేదాన్ని. ఆయన తప్పుకొని ఇంకా నవ్వేవాడు. అలా నవ్విన మనిషి గురించే ఇదంతా చెబుతున్నానని నాకే ఒక్కోసారి నమ్మకం కుదరదు.

షెడ్డు నుంచి రాగానే మెట్ల దగ్గరే చొక్కా విప్పి దులుపుకొని గాని లోపలికి వచ్చేవాడు కాదు. బట్టల్లో గాజు నలుసులు ఉంటాయని గాజు పనివాళ్ళందరికీ ఆ అలవాటు. అందుకే మొదట్లో మాకు అనుమానం రాలేదు. కంచంలో అన్నం పెట్టగానే పల్చగా పరిచి వేళ్ళతో తడిమి చూస్తుంటే, జాగ్రత్త కాబోలు అనుకున్నాం. తర్వాత మెతుకు మెతుకూ విడదీయడం మొదలైంది. అన్నం చల్లారిపోయి గట్టిపడేదాకా వెతికి, ఏమీ దొరక్క, తినకుండా లేచిపోయేవాడు. దొరకలేదు గదా అంటే, దొరకలేదంటే బాగా కలిపినారని అర్థం అనేవాడు.

పెద్దాసుపత్రిలో చూపించాం. డాక్టరు జబ్బుకు ఒక పేరు చెప్పాడు. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలకలేదు. తలనొప్పి అనే అన్నాం. పక్కింటివాళ్ళతో తలనొప్పి, ఆఫీసులో తలనొప్పి, కడప నుంచి ఫోన్ చేసిన మా నాన్నతోనూ తలనొప్పే. మాత్రలు కొన్నాళ్ళు మింగాడు, తర్వాత వాటిలో కూడా గాజు ఉందన్నాడు. చివరికి తొక్క ఉన్నవి మాత్రమే తినేవాడు. అరటిపళ్ళు, ఉడికించిన గుడ్లు. తొక్క తన చేత్తోనే వలుచుకోవాలి. ఇంకొకళ్ళు ముట్టుకుంటే అది కూడా వద్దు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క కంచం ముందు పెట్టింది. ఆయన చాలాసేపు అన్నం వైపు చూసి, కోపం లేకుండా, బతిమాలుతున్నట్టు అడిగాడు.

“ఎంత వేసినావో చెప్పు. నిజం చెప్తే తింటా.”

నేను తెర ఇవతల నుంచి విన్నాను. అత్త కూడా విన్నది. మర్నాటి నుంచి అత్త బియ్యం తనే చెరిగి, తనే జల్లెడ పట్టి, తనే వండటం మొదలుపెట్టింది. కొడుకు ఆ అన్నమూ ముట్టలేదు. అయినా ఆమె జల్లెడ మానలేదు. అక్క ఆ జల్లెడ వైపు చూసి ఆఫీసుకు పోయేది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. కోడలి మీద అనుమానం ఉంటే నోటితో అడిగి చావొచ్చు గదా, రోజూ ఆ చప్పుడు దేనికి?

తర్వాత కొన్ని వారాలకు ఒక పొద్దున షెడ్డుకు పోతున్నానని చెప్పి బయల్దేరినవాడు షెడ్డుకు చేరలేదు. కాచిగూడ స్టేషను బయట అరటిపళ్ళ బండివాడు మేం చూపించిన ఫోటోలో ఆయన్ను గుర్తుపట్టాడు. సంచి నిండా పళ్ళు కొనుక్కొని లోపలికి పోయాడట. ఏ రైలు ఎక్కాడో ఎవరికి తెలుస్తుంది?

పోలీసు స్టేషన్లో రాసిచ్చాం. తెలిసిన ఊళ్ళన్నిటికీ మనుషుల్ని పంపాం. రామంతాపూర్ టీవీ కేంద్రానికి పోయి ‘కనబడుటలేదు’ ప్రకటన ఇచ్చాం. మంచి ఫోటో, ఎత్తు, ఛాయ, నీలం చొక్కా. మనసు బాగాలేదని కూడా చెప్పించమని నేను పోరితే అత్త ఒప్పుకోలేదు. నా కొడుకును ఊరూవాడా పిచ్చోడని అనిపిస్తావా అని ఏడ్చింది. టీవీలో ఆయన ఫోటో కాసేపు కనబడి పోయింది. బంధువులు ఫోన్ చేసి, అయ్యో, తలనొప్పి అన్నారు గదా అని ఆశ్చర్యపోయారు.

అప్పుడప్పుడే తార్నాకలో ఇంటర్నెట్ సెంటర్లు వస్తున్నాయి. మా సందు చివర మెయిన్ రోడ్డు మీద ఒకటి ఉండేది. దాన్ని నడిపే అతను నల్గొండ వైపు రైతుల బిడ్డ. మా క్యాంపస్‌లోనే డిగ్రీ చేసి, మాణికేశ్వర్ నగర్‌లో గది తీసుకొని ఉండేవాడు. అద్దె కంప్యూటర్లు పెట్టి, పక్కన షాపులవాళ్ళకు వెబ్‌సైట్లు చేసిపెట్టేవాడు. నన్ను చెల్లె అని పిలిచేవాడు. బావ కోసం ఒక పేజీ పెడదామని నేను అడగ్గానే, తన షాపుల పనులన్నీ పక్కన పెట్టి కూర్చున్నాడు. ఏ ఊళ్ళో ఎవరికి దొరికినా, ఎవరో ఒక చదువుకున్న మనిషి కంప్యూటర్‌లో వెతికి చూడకపోతాడా అని మా ఆశ. ఉచితంగా పేజీలు పెట్టుకోనిచ్చే చోట్లు అప్పుడు కొన్ని ఉండేవి. తెలుగులో రాస్తే అవతలివాళ్ళ కంప్యూటర్‌లో పిచ్చి గీతలు కనబడేవి కాబట్టి ఇంగ్లీషులోనే రాయాలనుకున్నాం.

ఏం రాయాలన్న దగ్గర మొదలైంది. నేను అన్నీ రాద్దామన్నాను. ఎవరికైనా బావ కనబడితే వాళ్ళకు తెలిసేది ఆయన పేరు కాదు. అడిగినా చెప్పేవాడు కాదు. వాళ్ళకు కనబడేది అన్నంలో గాజు వెతుక్కునే మనిషి, అరటిపళ్ళు తప్ప ముట్టని మనిషి, వేళ్ళ చివర్లు కాలిన మనిషి. వెతికేవాళ్ళు ఆ మాటలతోనే గదా వెతుకుతారు? అక్క ఇదంతా విని తల అడ్డంగా ఊపింది. గాజు సంగతి రాయొద్దు అంది. ఎందుకొద్దని అరిచాను. అప్పుడు చెప్పింది.

“వాళ్ళింట్లో ఆడమనిషి మొగునికి అన్నంలో గాజు పెట్టిందంట అనుకుంటారు పాపా. ఈ ఇంట్లోనే అనుకుంటాండారు. దేశమంతా చదవాల్నా?”

లోపల జల్లెడ చప్పుడు వినబడుతూనే ఉంది.

అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన విద్య అది. పేజీలో ఒక్క గీత మాత్రం కనబడుతుంది, దాని మీద మౌస్‌తో నొక్కితే కింద దాగిన వాక్యాలు విచ్చుకుంటాయి, మళ్ళీ నొక్కితే ముడుచుకుపోతాయి. క్యాంపస్ ల్యాబ్‌లో అది నేర్చుకొని నేను మురిసిపోతున్న కాలం. పైన ఫోటో, పేరు, ఊరు, కింది వాటాలో ఉండే మా ఇంటివాళ్ళ ఫోన్ నంబరు. కింద ‘మరికొన్ని వివరాలు’ అని ఒక గీత. నిజంగా ఆయన్ను చూసినవాళ్ళయితే నొక్కి చదువుతారు, ఊసుపోక చూసేవాళ్ళు పై పైన చూసి పోతారు. అక్కను సెంటర్‌కు తీసుకుపోయి చూపించాను. నొక్కింది, తెరుచుకుంది. నొక్కింది, మూసుకుంది. చాలాసార్లు నొక్కి చూసి, మన ముందు గది తెర మాదిరి ఉండాది అంది. ఆమె మొహం తేలికపడటం ఎన్నాళ్ళకో చూశాను. లోపలి వాక్యాలు తనే టైపు చేసింది, టైపు మిషను మీద కొట్టినట్టు కీబోర్డును దబదబా బాదుతూ.

సెర్చ్ ఇంజన్లకు మా పేజీ అడ్రసు రాసి పంపాం. కొన్ని వారాలకు పేరుతో వెతికితే పేజీ వచ్చింది. ముగ్గురం పండగ చేసుకున్నంత పని చేశాం. ఆ సంతోషంలోనే నేను గాజు, అన్నం, అరటిపండు అని ఇంగ్లీషులో కొట్టి చూశాను. రాలేదు. వేళ్ళు, కాలిన మచ్చలు అని కొట్టాను. రాలేదు. ఎవరివో వంటల పేజీలు, గాజు ఫ్యాక్టరీల పేజీలు వచ్చాయి తప్ప మా బావ లేడు. అక్షరాలు తప్పు కొట్టానేమోనని మళ్ళీ మళ్ళీ కొట్టాను. సెంటర్ అతను నా వెనక నిలబడి కాసేపు చూశాడు.

“చెల్లె, ఆ మిషన్ వస్తది, కనవడ్డది చదువుకుంటది, పోతది. అది నొక్కది. నొక్కితే గదా లోపలిది తెరుచుకునేది.”

నేను పెట్టిన ఆ వాక్యాలు పేజీలో రాసి లేవు. నొక్కినప్పుడు మాత్రమే ఒక ప్రోగ్రాం వాటిని ఎక్కడి నుంచో తెచ్చి పరుస్తుంది. ప్రపంచంలోని పేజీలన్నీ చదివిపోయే ఆ మిషనుకు నొక్కే వేలు లేదు. మర్యాదస్తుడైన చుట్టంలా ముందు గదిలోనే కూర్చొని, కాఫీ తాగి, తెర వైపు చూడకుండా వెళ్ళిపోయింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇంత పెద్ద మిషను కట్టారు, ఒక గీత నొక్కి చూసే తెలివి పెట్టలేకపోయారా?

అన్నీ బయట పెట్టేద్దామని అక్కతో మళ్ళీ పోట్లాడాను. ఆమె వినలేదు. నాకేం కావాలో చెప్తా విను, చదివేవాళ్ళకు కనబడకూడదు, వెతికేవాళ్ళకు దొరకాల అంది. అట్లా ఎక్కడైనా కుదురుతుందా అని నేను విసుక్కున్నాను. కుదురుతది అన్నాడు సెంటర్ అతను. షాపులవాళ్ళ కోసం అతను చేసే పనే అది. తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో రాస్తే మనిషి కంటికి ఏమీ కనబడదు, మిషనుకు రంగుతో పనిలేదు కాబట్టి చదువుకుంటుంది. చీరల షాపతను ఊళ్ళోని చీరల పేర్లన్నీ అట్లాగే రాయించుకున్నాడట. అతను మా మేలు కోరే చెప్పాడు, అందులో అబద్ధం లేదు.

పేజీ అడుగున తెల్లమీద తెల్లగా మా ఇంటి గుట్టంతా రాశాం. గాజు, అన్నం, అనుమానం, భార్య, అరటిపళ్ళు, గుడ్లు, కాలిన వేళ్ళు, డాక్టరు చెప్పిన జబ్బు పేరు కూడా. వెతికేవాళ్ళు ఏ మాట వాడతారో తెలియదు గదా, ఒక్కో మాటను పది రకాలుగా రాశాం. అక్క కంప్యూటర్ తెర మీది ఖాళీ జాగాను పట్టి పట్టి చూసి, నాకేమీ కనబడలేదు, బాగుండాది అంది. చలికాలం రాకముందే ఒక రోజు గాజు, అన్నం అని కొడితే మా పేజీ వచ్చింది. మొదటి పేజీలోనే, పైనుంచి నాలుగోదో అయిదోదో. అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆ సాయంత్రం అత్త కూడా, ఇంక వాడు దొరికినట్టే గదా అని నన్నడిగింది. దొరికినట్టే అత్తా అన్నాను.

మేమొక్కళ్ళమే తెలివైనవాళ్ళం కాదు గదా. దేశదేశాల్లోని మోసగాళ్ళందరూ, పాడు బొమ్మలు అమ్ముకునేవాళ్ళందరూ అదే పని చేస్తున్నారట. సెర్చ్ ఇంజన్లవాళ్ళు అది కనిపెట్టి, పేజీ రంగూ అక్షరాల రంగూ ఒకటైతే ఆ పేజీని దొంగ పేజీ కింద లెక్కగట్టి తీసి పారేయడం మొదలుపెట్టారు. మాకది తెలియలేదు. నా పరీక్షలూ, అక్క ఆఫీసు పనీ, నేను రోజూ పోయి చూడటం మానేశాను. పేజీ ఉంది, అది తన పని తాను చేసుకుంటోంది అని ధైర్యం. చలికాలం దాటి ఎండలు ముదిరాక, అక్క పోరితే ఒక మధ్యాహ్నం పోయి వెతికాను. గాజు అని కొడితే రాలేదు. అన్నం అని కొడితే రాలేదు. బావ పూర్తి పేరు కొట్టాను. అదీ రాలేదు. మొదట్లో పేరుకైనా దొరికిన మనిషి, ఇప్పుడు పేరుకు కూడా లేడు.

“దొంగ పేజీ అనుకున్నది చెల్లె. మొత్తానికే తీసేసింది,” అన్నాడు సెంటర్ అతను నా మొహం చూడలేక.

మాది దొంగ పేజీయా అని అతని మీద విరుచుకుపడ్డాను. సెంటర్లో ఉన్న పిల్లలందరూ తిరిగి చూశారు. సెర్చ్ ఇంజను కంపెనీకి మెయిల్ రాశాను, మనిషి తప్పిపోయాడు, మేం ఏమీ అమ్ముకోవడం లేదు, దయచేసి తిరిగి పెట్టండి అని. జవాబు లేదు. మళ్ళీ రాశాను. అవతల చదివే మనిషి అంటూ ఉన్నాడో లేడో ఆ దేవుడికే ఎరుక.

ఇంటికొచ్చి చెప్పాను. అక్క ఆఫీసు చీర కూడా మార్చుకోలేదు, అలాగే గోడకు ఆనుకొని కూర్చుంది. అత్త గుమ్మం దగ్గర ఉంది. ఇన్ని నెలలు ఎవరైనా వెతికి ఉంటే ఏమీ దొరికి ఉండేది కాదా అని అక్క అడిగింది. దొరికి ఉండేది కాదు అన్నాను. అక్క లేచి, పోయి ఆ పూల తెరను ఒక పక్కకు లాగి కట్టేసింది. ఏదో చేతికి పని కావాలి అన్నట్టు చేసింది. తర్వాత నన్ను కాగితం తెచ్చుకోమంది. ఆఫీసులో డిక్టేషన్ ఇచ్చే పెద్దసారు గొంతుతో, ఎక్కడా ఆగకుండా చెప్పింది.

“ఆయన అన్నంలో గాజు ఉండాదని అనుకుంటాడు. భార్య వేసిందని అనుకుంటాడు. రాయి పాపా, అట్లే రాయి. నల్లగా, పెద్దగా రాయి. అందరికీ కనబడాల.”

నేను రాస్తుంటే అత్త అడ్డుపడుతుందనుకున్నాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకొని వంటింట్లోకి పోయింది. ఆ రోజు జల్లెడ చప్పుడు వినబడలేదు.

పాత అడ్రసు మీద మచ్చ పడింది కాబట్టి కొత్త చోట కొత్త పేజీ పెట్టాం. నొక్కే గీత లేదు, తెల్ల అక్షరాలు లేవు. తెల్ల కాగితం మీద నల్లటి మాటలు, అంతే. అది చేయడానికి పూట కూడా పట్టలేదు. కానీ ఆ మిషను మళ్ళీ మా వైపు వచ్చి చదివిపోవాలి గదా. తొందరపెట్టడానికి లేదు, తలుపు కొట్టి పిలవడానికి లేదు. వానలు మొదలయ్యాయి, వానలు తగ్గాయి. అక్క ఆఫీసు నుంచి వస్తూ రోజూ సెంటర్లోకి తొంగిచూసేది. అతను లేదన్నట్టు తల ఊపేవాడు. ఒక రోజు ఊపలేదు. కుర్చీ జరిపి, రా అక్కా, గీడ కూసో అన్నాడు. గాజు, అన్నం అని కొడితే మొట్టమొదటి పేజీ మాదే.

తర్వాత కొద్ది రోజులకే కింద ఇంటివాళ్ళ ఫోన్‌కు నాగపూర్ నుంచి ఫోన్ వచ్చింది. ఇంటావిడ కిటికీలోంచి కేకేస్తే నేను మెట్లు దూకుతూ పోయాను. దిక్కులేనివాళ్ళకు అన్నం పెట్టి, పడక ఇచ్చే ఒక ఇల్లు నడిపే ఆవిడ. హిందీలో నిదానంగా మాట్లాడింది. మీ పేజీలో మనిషి మా దగ్గర ఉన్నాడు అంది. ఆ ఒక్క క్షణం నాకు ఎంత సంతోషం వేసిందో చెబితే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఉన్నాడు కాదు, ఉండేవాడు అంది తర్వాత. చలికాలంలో స్టేషన్‌లో కనబడితే తీసుకొచ్చారట. పేరు చెప్పడు, ఊరు చెప్పడు. అన్నం కంచంలో గాజు వెతుకుతాడు. వేళ్ళు చూసి గాజు పనివాడని ఆవిడే ఊహించింది. ఎవరో దానమిచ్చిన కంప్యూటర్‌లో ఆ మాటలన్నీ పెట్టి చలికాలమంతా, ఎండాకాలమంతా వెతికిందట. ఏమీ రాలేదు. ఎవరూ లేని మనిషి అనుకొని వదిలేశారు. వానల్లో ఒక పొద్దున గేటు తీసి ఉంటే బయటికి నడిచి పోయాడు, తిరిగి రాలేదు. బలవంతంగా పట్టి ఉంచే చోటు కాదు మాది అని బాధపడింది. అలవాటు కొద్దీ నిన్న మళ్ళీ అవే మాటలు కొట్టి చూస్తే అన్నిటికంటే పైన మీ పేజీ వచ్చింది అంది.

ఇది ముందే ఎందుకు పెట్టలేదమ్మా అని అడిగింది. తప్పు పట్టే గొంతు కాదు, తెలుసుకోవాలని అడిగింది. నేను ఏం చెప్పాలి ఆవిడకు? పెట్టాము, కాకపోతే తెర వెనక పెట్టాము అని హిందీలో ఎట్లా చెప్పడం?

అక్కా నేనూ నాగపూర్ పోయాం. ఆయన పడుకున్న చాప చూపించారు. ఇప్పుడు దాని మీద ఇంకెవరో ముసలాయన పడుకొని ఉన్నాడు. స్టేషనూ, గుళ్ళూ, ఆసుపత్రులూ కాళ్ళరిగేలా తిరిగాం. బయల్దేరేముందు అక్క ఆవిడను ఒక్కటే అడిగింది, తనకు వచ్చిన కాస్త హిందీలో.

“అన్నం తినేవాడా?”

మొదట్లో ముట్టేవాడు కాదమ్మా అంది ఆవిడ. పోయే ముందు ఒక నెల నుంచి తిన్నాడు, అందరితోపాటు వరసలో కూర్చొని, వెతక్కుండా, రెండోసారి అడిగి పెట్టించుకొని మరీ తిన్నాడు అంది. మాకు సంతోషం కలుగుతుందని చెప్పింది పాపం. అక్క సంతోషపడింది కూడా. తిన్నాడంట పాపా, కడుపు నిండా తిన్నాడంట అని రైలు పెట్టెలో కాజీపేట దాకా చెబుతూనే ఉంది. కాజీపేట దాటాక మాట్లాడటం మానేసింది. తన చేతి అన్నం కాకపోతే ఆయన తినగలిగాడు అన్నది అప్పటికి ఆమెకు తట్టిందనుకుంటాను. కిటికీ కమ్మీలకు నుదురు ఆనించి ఏడ్చింది. ఎదుటి సీటులోవాళ్ళు ఏమైందమ్మా అంటే తలనొప్పి అని చెప్పబోయి, నేనే నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత ఫోన్లు రాలేదు. బావ మళ్ళీ ఎక్కడా కనబడలేదు. అత్త కళ్ళు ఆయన కోసం కాయలు కాచి కాచి మూతపడ్డాయి. నాకు ఈనాటికీ కోపం పోలేదు. వేలు లేని మిషను మీదనో, జల్లెడ మీదనో, ఆ పూల తెర మీదనో, దేని మీదనో తేల్చుకోలేను.

నేను చదువు ముగించి ఉద్యోగంలో చేరేదాకా అక్క ప్రతి శనివారం ఆఫీసు అయిపోగానే ఆ సెంటర్‌కు పోయేది. నేను తోడు పోయేదాన్ని. అక్క కూర్చొని గాజు, అన్నం అని ఆ రెండు మాటలూ దబదబా కొట్టేది. అన్నిటికంటే పైన మా పేజీ వచ్చేది. ఎప్పుడు కొట్టినా, ఎన్నిసార్లు కొట్టినా, కన్ను మూసి తెరిచేలోగా బావే వచ్చేవాడు. ఒక శనివారం అలా వచ్చిన పేరు మీద వేలు పెట్టి, ఇంట్లో మనిషి వచ్చాడో లేదో చూసినట్టు చూసి, అక్క నాతో అంది.

“ఉండాడు.”

కుర్చీ కోసం వెనకాల ఒక అబ్బాయి కాచుకొని ఉన్నాడు. అక్క పేజీ మూసేసి, సంచి తీసుకొని లేచింది.